కాకి వాలితే కల

తూము వీధిలో మొట్టమొదట టీవీ కొన్నవాడు వీరరాఘవులు. ఆదివారం సాయంత్రం సీరియల్ వేళకి వీధి వీధంతా ఆ ఇంట్లోనే చాపలేసుకుని కూర్చునేది. చూడటం ఎవరైనా చూస్తారు, అర్థం చేసుకోవడం మాత్రం తమ ముగ్గురికే చేతనవునని ఆ ఇంటివాళ్ళ నమ్మకం. ముగ్గురంటే వీరరాఘవులు, భార్య మాణిక్యం, ఆవిడ తమ్ముడు తాతబ్బాయి.

"వాళ్ళు కళ్ళతో చూస్తారు, మనం బుర్రతో చూస్తాం," అనేవాడు వీరరాఘవులు. తాతబ్బాయి గట్టిగా తలూపేవాడు. బావ మాటంటే అతనికి అంత గురి.

ఒక ఆదివారం సీరియల్లో కథానాయిక ఇల్లు కూలిపోయింది, మొగుడు గోదాట్లో కొట్టుకుపోయాడు. అదంతా జరుగుతున్నంతసేపూ తెర మీద బొమ్మ నీళ్ళలో నీడలా ఊగుతూనే ఉంది. అంతలో అత్తగారు చెంబెడు నీళ్ళు మొహాన కొట్టింది. అంతే, బొమ్మ తేటపడింది. మొగుడు పక్కనే కూర్చుని కాఫీ తాగుతున్నాడు. "అమ్మయ్య, అంతా కలేనా!" అంది కథానాయిక.

"పట్టుకున్నావుట్రా కిటుకు? టీవీలో బొమ్మ ఊగితే కల, తేటపడితే నిజం," అన్నాడు వీరరాఘవులు. తాతబ్బాయి ఆ ముక్క కంఠతా పట్టేశాడు.

పాపం, తాతబ్బాయికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. పదకొండు సంబంధాలు తప్పిపోయాయి. పన్నెండోదీ తప్పిపోతే ఇక కాషాయం కట్టేస్తానని అక్కతో చెప్పేశాడు. పన్నెండోవాళ్ళు మరుసటి ఆదివారం మధ్యాహ్నం చూడ్డానికి వస్తామని కబురు పెట్టారు. ఆ రోజు మాణిక్యం పళ్ళెం నిండా బూరెలు వండింది. వచ్చేవాళ్ళు చూసి ముక్కున వేలేసుకోవాలని వీరరాఘవులు టీవీ కూడా పెట్టి ఉంచాడు.

సరిగ్గా అప్పుడే బాగా బలిసిన కాకొకటి వచ్చి మేడ మీద యాంటెనా మీద వాలింది. ఆ బరువుకి యాంటెనా పక్కకి తిరిగింది. ఇంకేముంది, కింద తెరంతా అలలే అలలు!

"ఏవండోయ్, ఊగుతోంది!" అని కేకేసింది మాణిక్యం.

"అయితే మనం కలలో ఉన్నాం."

"ఎవరి కలలో బావా?" అన్నాడు తాతబ్బాయి.

"టీవీ కొన్నదెవరు? నా కలే. మీరు ఊరికే వచ్చారు."

కలలో తింటే బూరెలు తరగవు గదా అని ముగ్గురూ కూర్చుని పళ్ళెం ఖాళీ చేసేశారు. ఆఖరి బూరె నోట్లో ఉండగా పెళ్ళివారు దిగారు. పిల్ల తండ్రి సన్యాసిరావు, వెనక పిల్ల నూకరత్నం.

"బాగున్నారా అన్నయ్యగారూ?" అన్నాడు సన్యాసిరావు.

"మేం బాగానే ఉన్నాం. మీరే లేరు," అన్నాడు వీరరాఘవులు కుర్చీలోంచి లేవకుండా.

"లేకపోవడమేమిటండీ? బస్సు దిగి వస్తుంటే!"

"ఆ బస్సూ లేదు లెండి."

తాతబ్బాయి నూకరత్నాన్ని చూశాడు. ఎంత బాగుందో! ఇంత మంచి పిల్ల కల కావడమేమిటని అతనికి ఏడుపొచ్చింది.

మాణిక్యానికి భయం పట్టుకుంది. నిజం పెళ్ళివారు వచ్చేలోగా మెలకువ రావద్దూ? చెంబుతో నీళ్ళు తెచ్చి మొగుడి మొహాన కొట్టింది. వీరరాఘవులు తల పక్కకి తిప్పాడు. అంతే, నీళ్ళన్నీ సన్యాసిరావు మీద పడ్డాయి.

"ఇంకా ఊగుతూనే ఉందండీ! ఇంకో చెంబు తేనా?" అంది మాణిక్యం.

నూకరత్నం పడీపడీ నవ్వింది. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "నాన్నా, నేను ఈ ఇంటికే వస్తాను. మనింట్లో నవ్వు విని ఎన్నాళ్ళయింది!" అంది. సన్యాసిరావు తల తుడుచుకుంటూనే సరేనన్నాడు. వచ్చే ఆదివారం పొద్దున్నే ముహూర్తం కుదిరింది.

"మీకు ఇష్టమేనా?" అని అడిగింది నూకరత్నం.

"ఇష్టమేనండి. కానీ మీరు కల," అన్నాడు తాతబ్బాయి దిగులుగా. ఆమె సిగ్గుపడిపోయింది.

వాళ్ళని సాగనంపి వెనక్కి తిరిగితే తాతబ్బాయికి మేడ మీద యాంటెనా, దాని మీద కాకి కనిపించాయి. గబుక్కున బావ చెయ్యి పట్టుకున్నాడు. "బావా, కాకి ఎగిరిపోతే?"

"బొమ్మ తేటపడుతుంది. పిల్ల పోతుంది."

ఇంకేముంది, తాతబ్బాయి నాలుగేసి మెట్లు ఎక్కుతూ మేడ మీదికి పరుగెత్తాడు. అతన్ని చూసి కాకి ఎగిరిపోయింది. వెనక్కి తిరగబోతున్న యాంటెనాని రెండు చేతులా పట్టేసుకున్నాడు. ఆ పట్టు మళ్ళీ వదల్లేదు. సాయంత్రం సీరియల్‌కి వచ్చిన వీధివాళ్ళు అలలు చూసి గోలపెట్టారు. "కలలో గొడవ చెయ్యకండి," అని వీరరాఘవులు కసిరాడు. వారం రోజులూ మాణిక్యం మేడెక్కి తమ్ముడి నోట్లో అన్నం ముద్దలు పెట్టింది.

ఆదివారం వచ్చింది. కింద పందిట్లో జనం, పీటల మీద పెళ్ళికొడుకు లేడు. చివరికి పెళ్ళికూతురే మేడెక్కింది. వెనకాల పంతులుగారు ఆయాసపడుతూ ఎక్కారు.

"వదిలెయ్యండి. నేనెక్కడికీ పోను," అంది నూకరత్నం.

"కలలో వాళ్ళందరూ అలాగే అంటారండి," అన్నాడు తాతబ్బాయి. అతని కళ్ళు చెమర్చాయి. "నేను వదిలితే మీరుండరు."

"ముహూర్తం దాటిపోతోంది! మూడు ముళ్ళు వెయ్యడానికి రెండు చేతులూ కావాలి నాయనా!" అంటూ పంతులుగారు మంగళసూత్రం అతని చేతిలో పెట్టేశారు.

తాతబ్బాయి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, బావని అడక్కుండా సొంతంగా ఆలోచించాడు. యాంటెనాని కదలకుండా కట్టేస్తే చేతులు ఖాళీ అవుతాయి గదా! కట్టడానికి చేతిలో పసుపుతాడు ఉండనే ఉంది. అంతే, యాంటెనాని పిట్టగోడ కమ్మీకి చేర్చి ఒకటి, రెండు, మూడు ముళ్ళూ బిగించేశాడు. కింద నుంచి ముళ్ళు లెక్కపెట్టినవాళ్ళు గట్టిమేళం అన్నారు. సన్నాయి మోగింది. అక్షింతలన్నీ వచ్చి యాంటెనా మీద పడ్డాయి.

తాతబ్బాయి లాగి చూశాడు. ఇంచి కూడా కదల్లేదు. హాయిగా చేతులు దులుపుకుని నూకరత్నం వైపు తిరిగాడు.

"ఇప్పుడు రెండు చేతులూ ఖాళీ. ఏదీ, ఆ మంగళసూత్రం ఇలా ఇవ్వండి పంతులుగారూ," అన్నాడు.