తలసరి రెండు ముంతలు

ఆ యేడు కూడా వానలు ముఖం చాటేశాయి. కొత్తగా ఒక్క బావి తవ్విస్తామని దివాణం వారు ఒప్పుకున్నారు. ఏ పేటలో తవ్వాలో తేలడానికి ఇంటింటి నీటి వాడకం లెక్క కట్టి పంపమని ఫకీరు అమీన్ షాకు కబురు పెట్టారు. ఆయన ఎవరి పక్షమూ కాడని వాళ్ల నమ్మకం.

ఆ పని శిష్యుడు హిదాయత్ నెత్తిన పడింది. హిదాయత్ లెక్కల్లో దిట్ట. ఆ సంగతి ఊరందరి కంటే అతనికే బాగా తెలుసు.

రెండు పేటలూ గుమ్మం గుమ్మం తిరిగి వచ్చి, గురువు ముందు కూర్చుని కాగితం చదివాడు.

"దిగువపేటలో రోజుకు తలసరి పది ముంతలు హజ్రత్. గుట్టపేటలో తలసరి రెండే. గుట్టమీద వాళ్లకి నీళ్ల అవసరం తక్కువ. బావి దిగువపేటకే న్యాయం."

"తలసరి అంటే ఏ తల?" అని అడిగాడు షా.

ముసలాయనకు లెక్కలు ఎక్కవని హిదాయత్ లోపలే నవ్వుకున్నాడు. "ఇంట్లో తలలన్నిటికీ సమంగా పంచడం హజ్రత్. చంటిపిల్లకీ అంతే, అవ్వకీ అంతే."

"సరే. శుక్రవారం దివాణం మనిషి వస్తాడు. అప్పుడు ముద్ర వేసిస్తాను."

షా లేచి వెళ్లి తన వాకిట్లోని బావి గిలక నుంచి తాడు విప్పాడు. చుట్టగా చుట్టి తన మంచం కింద పెట్టుకున్నాడు.

"అందాకా నీళ్లు వాగు నుంచి తీసుకురా."

వాగు గుట్ట అవతల ఉంది. ఎక్కి దిగాలి, మళ్లీ ఎక్కి దిగాలి. ఎందుకని అడిగే అలవాటు శిష్యుడికి లేదు. కాకపోతే నీళ్లంటే అతనికి ప్రాణం. నమాజుకు ముందు వజూ చేశాడంటే మోచేతుల నుంచి కారిన నీళ్లు వాకిట్లో గులాబీ మొక్క మొదలుదాకా పారేవి.

వాగు దగ్గర గుట్టపేట ఎంకమ్మ కుండ ముంచుకుంటోంది. మొన్న లెక్క అడిగినప్పుడు "రెండు ముంతలు సాయిబూ" అని చెప్పి చప్పున లోపలికి పోయిన మనిషే. నిండు కుండ ఎత్తలేక హిదాయత్ పడే అవస్థ చూసి పాతగుడ్డతో చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టింది. అతని కుండ ఎత్తబోయి ఆగింది.

"ఇంత నిండా ముంచితే మెడ పట్టేస్తాది సాయిబూ. కొంచెం ఒంపెయ్యి. ఇంటికాడ సరిపెట్టుకోవచ్చులే."

కొంచెం ఒంపేశాడు. గుట్ట దిగేసరికి ఇంకొంత చొక్కా మీదే ఒలికింది.

మర్నాడు స్నానం మానేశాడు. ఆ తర్వాత వజూ ఒక్క ముంతతో ముగిసేది, అందులోనూ అడుగున కాసిని మిగిలేవి. దాహమేస్తే సగం తాగి మూత పెట్టేవాడు. గులాబీ వాడిపోయింది. అటువైపు చూడటం కూడా మానేశాడు.

శుక్రవారం దివాణం మనిషి ఎండన పడి వచ్చాడు. హిదాయత్ నిండు ముంత చేతికిచ్చాడు. ఆయన రెండు గుక్కలు తాగి మిగిలినవి వాకిట్లో పారబోశాడు. హిదాయత్ ప్రాణం ఉసూరుమంది. ఆ తడి ఆరేదాకా కళ్లు తిప్పుకోలేకపోయాడు.

షా ముద్ర ఉంగరం తీసి, కాగితం ముందుకు జరుపుకున్నాడు.

"నిన్న నువ్వు ఎన్ని ముంతలు వాడావు?"

"రెండు హజ్రత్."

"నీక్కూడా అవసరం తక్కువేనన్నమాట."

ఉంగరం కాగితం మీదికి వంగింది. నెత్తిన చుట్టకుదురు ఒరిపిడికి కమిలిన చోట హిదాయత్ చెయ్యి దానంతటదే వెళ్లి ఆనింది. రెండో చెయ్యి కాగితాన్ని మెల్లగా వెనక్కి లాక్కుంది.

షా వంగి, మంచం కింద నుంచి తాడు తీశాడు.