మడిలో దారి విడిచిన దాలమ్మ నోము

అక్షతలు చేత పట్టుకొని, పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొని, పొయ్యి మీద పాలున్నచో దింపి వచ్చి, నిమ్మళముగ వినుడు.

పూర్వము కళింగ దేశమున ఉంఛముని యను తపస్వి ఉండెను. రైతు కోత కోసి, కుప్ప వేసి, ఇంటికి మరలిన పిమ్మట మడిలో రాలిన గింజలు ఏరుకొని తినుట ఆయన నియమము. ఒక సంవత్సరము ఆయన ఎన్ని మడులు తిరిగినను పిడికెడు గింజలు దొరకలేదు. కోసినవానికే లేనప్పుడు రాలునది ఎక్కడిది? అంతట ఆయన ఆకలితో మేఘాతిథి మహర్షి ఆశ్రమమునకు పోయి, "స్వామీ, ఈ చిన్న రైతులు సోమరులు కారు. తెల్లవారకమునుపే మడిలో ఉందురు. అయినను ఒక యేడు తెగులు, ఒక యేడు ఎండ, ఒక యేడు వరద. వీరు ఏ నోము పట్టిన గట్టెక్కుదురు? ఆలోచించిన కొలది నాకు మతి పోవుచున్నది" అని అడిగెను.

మేఘాతిథి గడ్డము నిమురుకొని, "మునీంద్రా, నాకును అంతుబట్టదు. వానను గూర్చి నిశ్చయముగ చెప్పగలవాడు ఇంకను పుట్టలేదు. అయినను, ఏమి చేయుటకును తోచని ఒక ఇల్లాలు ఎట్లు నిలదొక్కుకొనెనో చెప్పెదను, వినుము" అని ఈ కథ చెప్పెను.

నాగావళి యేటికి ఎగువన, గెడ్డ యనబడు ఒక చిన్న వాగు పక్కన, మెట్లు మెట్లుగ వరిమడులు గల ఒక పల్లె ఉండెను. పై మడి నీరు కింది మడిలోనికి, కింది మడి నీరు గెడ్డలోనికి పోవును. ఆ పల్లెలో దాలమ్మ యను ఇల్లాలు తన భర్త తవిటయ్యతోను, ఇద్దరు బిడ్డలతోను కాపురముండెను. వారికి ఉన్నది ఒకే మడి. దానికి కింది మడి తవిటయ్య అన్నగారైన అసిరయ్యది. అన్నదమ్ముల నడుమ తగవు లేదు గాని, ఆ ఇంటి ఆచారము ప్రకారము మరదలు బావగారి ఎదుట నోరెత్తరాదు. దాలమ్మ కాపురమునకు వచ్చినది మొదలు ఆయనతో ఒక్క మాటయు ఆడి యెరుగదు.

ఆ పల్లెకు ఇంకొక ఆచారము కూడ ఉండెను. నిలుచున్న పైరును గూర్చి చెడుమాట పలుకరాదు. పైరెట్లున్నదని ఎవరడిగినను "సల్లగుంది" అనవలెను. తెగులు అను మాట నోట వచ్చినచో దిష్టి తగిలి అది రెట్టింపగునని వారి భయము. కావున ఆ పల్లెలో పైరు చచ్చుచున్నను చల్లగనే చచ్చెడిది.

ఒక యేడు పైరు పొట్టకు వచ్చిన వేళ దాలమ్మ మడి నడుమ గుండ్రముగ ఎండిపోయెను. చుట్టును పచ్చగ, నడుమ మాత్రము ఎవరో నిప్పు పెట్టినట్లుండెను. తన మడి అని చెప్పుటకు భయపడి, "మా పుట్టినింటి మడికి ఇట్లయినదట" అని పదిమందిని అడిగెను. ఒకరు నీరు చాలలేదు, నిండుగ పెట్టుమనిరి. ఒకరు బలము చాలలేదు, ఎరువు వేయుమనిరి. ఒకరు దిష్టి, గుమ్మడికాయ కట్టుమనిరి. ఇంకొకరు అసలు పుట్టినింటివారి సంగతి నీకెందుకనిరి. దాలమ్మ నీరు నిండుగ పెట్టెను, ఎరువు వేసెను, గుమ్మడికాయ కట్టెను. గుమ్మడికాయ మాత్రము బాగుగ నిలిచెను. పైరంతయు కూలిపోయి గడ్డి మిగిలెను.

అప్పుడు తవిటయ్య తేల్చిచెప్పెను: వచ్చే పంట కూడ ఇట్లే పోయినచో మడిని ఒకరికి వదలి, బిడ్డలను తీసికొని దూరదేశమునకు ఇటుకబట్టీల పనికి పోవలెను. ఆ మాట విన్నది మొదలు దాలమ్మకు అన్నము సహించలేదు. ఆ మడి పోయినచో తన బిడ్డలు ఏ ఊరివారని చెప్పుకొందురో ఆమెకు తెలియలేదు. ఆమె భయమంతయు అదే.

మరుసటి యేడు నారు నాటు ఊడ్పుల వేళ, తల నెరసి, మోకాళ్లదాక బురద అంటిన ఒక అవ్వ గట్టు మీదికి వచ్చి నిలిచెను.

"ఓలమ్మీ, నాను నడవడానికి దారేదే?" అని అడిగెను.

దాలమ్మ గట్టు చూపెను.

"గట్టు నీకు. మడి నడుమ నాకేదీ?"

మడి నడుమ దారి యెందుకని దాలమ్మ అడిగెను. అవ్వ చెప్పిన నోము ఇది. ఊడ్చునప్పుడు బారెడుకొక చోట అడుగు వెడల్పు సందు విడువవలెను. పొద్దుపొద్దున పైరు కాచు తల్లియగు క్షేత్రలక్ష్మి ఆ దారిలో నడచును. దుబ్బును రెండుగ విప్పి, నీటి దగ్గర మొదలు చూచును. చూచినదానిని దాచక ఇరుగుపొరుగువారికి చెప్పవలెను. మడిలోని సాలెపురుగులను చంపరాదు, అవి తల్లి ఇంటి పనివాండ్రు. ఇంత చెప్పి అవ్వ తన దారిన పోయెను. ఆమె ఎవరో, ఎందుకు వచ్చెనో అడుగవలెనని దాలమ్మకు తోచునప్పటికి అవ్వ కనుచూపు దాటెను.

దాలమ్మ దారులు విడిచెను. ఊడ్చుటకు వచ్చిన ఆడవారు పొట్టలు పట్టుకొని నవ్వి, "మడిలో పెల్లివోరు ఊరేగుతారేటే?" అనిరి. ఉన్నదే ఒక మడి, అందులో నేల వృథా చేసితివని తవిటయ్య తిట్టెను. దాలమ్మ విడిచిన దారులను విడిచినట్లే ఉంచెను.

అయితే ఆమె చేసిన పొరపాటు చూడుడు. ప్రతి ఉదయము స్నానము చేసి, గట్టు మీదినుండి ఆ దారులకు పసుపు కుంకుమలు చల్లి, దీపము వెలిగించి, దండము పెట్టెడిది. అడుగు మాత్రము పెట్టలేదు. తల్లి నడచు త్రోవలో కాలు మోపు సాహసము ఎవతెకుండును? బిడ్డలు దిగబోయినచో రెక్క పట్టి లాగి వీపు మీద రెండు వేసెడిది. అంత భక్తిగల నోము ఆ పల్లెలో ఎవరును పట్టలేదు, అంత పనికిమాలిన నోమును ఎవరును పట్టలేదు.

పైరు ఏపుగ పెరిగెను. దాలమ్మ మురిసెను. పొట్టదశ రాగానే మడి మూల మరల గుండ్రముగ పసుపెక్కెను. ఆమె గట్టు మీద కూలబడెను. అప్పుడు ఆ అవ్వయే మరల వచ్చెను.

"దారి ఇడిసినావు గాని, నడవనేదేటే?"

"అమ్మా, నీ దారిల నా కాలెలాగెట్టను?" అని దాలమ్మ ఏడ్చెను.

"నీ కాళ్లు కాక నాకేటి కాళ్లున్నాయే పిచ్చిదానా? దిగు."

దాలమ్మ దిగెను. దుబ్బు విప్పెను. పైన చిలుకపచ్చ, కింద మొదట్లో నువ్వుగింజలంత సుడిదోమలు ముద్దలు ముద్దలుగ అంటుకొని కాండము పీల్చుచుండెను. కిందటి యేడు కూడ ఇవియే ఉండియుండునని ఆమెకు అప్పుడు తెలిసెను. తాను నిండుగ పెట్టిన నీరు వాటికి చల్లని ఇల్లైనదనియు, తాను వేసిన ఎరువు వాటికి విందైనదనియు తెలిసి ఆమె తల కొట్టుకొనెను. అవ్వ, "దానికి తడి గావాల. నీరు తీసీసి మడి ఆరబెట్టు. సూసింది సెప్పు" అని గట్టు దిగి పోయెను.

ఇక దాలమ్మ అవస్థ ఏమని చెప్పుదును! నీరు తీయవలెనన్న అది బావగారి మడిలోనికి పోవును. ఆయన తన గట్టు తెంచి గెడ్డకు దారి ఇచ్చినగాని పని జరుగదు. ఆకాశమున అరచేయంత మబ్బు లేదు. ఉన్న నీరు వదలి, వాన రాకున్నచో పైరు ఎండకు పోవును. వదలకున్నచో దోమకు పోవును. చెప్పినచో దిష్టి, చెప్పకున్నచో నోముభంగము. భర్తతో చెప్పగా, "నోరెత్తకు. ఎవులడిగినా సల్లగుందను" అని ఆయన గదిమెను. ఆమె కొన్నాళ్లు అట్లే అనెను. అనుచుండగనే ఆ పసుపు చాపంతది కళ్లమంత అయ్యెను. అవ్వ చెప్పినది నిజమో, భర్త చెప్పినది నిజమో ఆమెకు నిద్రలోను తేలలేదు.

ఒక ఉదయము అసిరయ్య తన మడిగట్టు మీద నిలిచి ఉండగా, దాలమ్మ గేదెను పట్టుకొని తన గట్టు మీదికి వచ్చెను. బావగారి వైపు వీపు పెట్టి, గేదె ముఖము చేతులతో పట్టుకొని, గొంతెత్తి ఇట్లనెను:

"ఓసే గేదా, ఇను. నా మడికి దోమట్టినాది. దుబ్బుల మొదట్ల ముద్దలు ముద్దలుగుంది. నీరు తియ్యాలంట. తీస్తే కింద మడిలోకి ఎల్తాది. తీసినాక వాన రాకపోతే ఏటవుతాదో నాకు తెల్దు. నాకేటీ తెల్దే తల్లీ!"

అని భోరున ఏడ్చెను. గేదె నెమరు వేయుచు ఊరకుండెను. అసిరయ్య పంచె ఎగగట్టి తన మడిలోనికి దిగి ఒక దుబ్బు విప్పి చూచి, తల దించుకొనెను. పిమ్మట, పుట్టి బుద్ధెరిగి మొదటిసారిగ, మరదలిని పేరు పెట్టి పిలిచెను.

"దాలమ్మా, ఆ గేదెకేటి సెప్తావు, నాకు సెప్పు. నా మడీ అంతే. పోయినేడూ అంతే. ఎలకలు కొట్టీసినాయని అందరికీ అబద్దమాడినాను."

దాలమ్మ వెనుదిరిగి చూచెను. ఆ గట్టున ఆయన, ఈ గట్టున ఆమె. ఇద్దరి కండ్లలోను నీరుండెను. ఆ మాటలు విని ఎగువ మడి రైతు వచ్చెను, అవతలి మడి రైతు వచ్చెను. ఒకరు చెప్పగా చూచి ఒకరు చెప్పిరి. తీరా చూడగా ఆ పల్లెలో ఒక్క మడియు చల్లగ లేదు.

అందరును కూడి గెడ్డ దగ్గరి గట్టు మొదట తెంచిరి, పిదప దాని పైది, పిదప దాని పైది. దారులు విడువనివారు కర్రలతో పైరును ఇరుపక్కలకు వంచి పాయలు తీసిరి. తన మడి నీరు గలగల పోవుచుండగా తవిటయ్య బిడ్డ పోవుచున్నట్లు ఏడ్చెను. మడులు ఆరి నేల సన్నగ బీటలు వారెను. దోమ పలుచబడెను, కాని వాన జాడ లేదు. దాలమ్మ పొద్దున మడిని, మధ్యాహ్నము ఆకాశమును, సాయంత్రము భర్త ముఖమును చూచి బెంబేలెత్తెను. మంచి చేసితినా, చెడు చేసితినా అని ఎదురుపడినవారినెల్ల అడిగెను. ఎవరును తెలిసినట్లు నటింపలేదు. తెలియదనిరి. ఆమెకు ఆ మాటయే కొంత ధైర్యమిచ్చెను.

అంతట తూర్పున మబ్బు లేచి చినుకు పడెను. పల్లె గంతులు వేసెను. ఆ చినుకే గాలివానయై గెడ్డ పొంగెను! ఇప్పుడు గట్లు మూయవలెనా, తెరువవలెనా? మునుపైనచో ఎవరి గట్టు వారు కాచుకొని అందరును మునిగియుందురు. ఈసారి పై మడివాడు "వస్తంది" అని కేకవేయగా కిందివాడు గండి పెద్దది చేసెను, కిందివాడు "ఆపు" అనగా పైవాడు మట్టి వేసెను. దాలమ్మ తన దారుల వెంట పరుగెత్తి, తాను చూచినదెల్ల బావగారికి అరచి చెప్పెను. గాలి తగ్గిన పిమ్మట పడిపోయిన పైరును నాలుగేసి దుబ్బులు కలిపి నిలబెట్టి కట్టిరి. ఒకరి మడి కట్టి ఒకరి మడికి పోయిరి.

పసుపెక్కిన భాగము పోయెను. మిగిలినది పండెను. దాలమ్మ గాదె నిండలేదు గాని, దాని అడుగు మరుసటి పంట వరకును కనబడలేదు. విత్తనము మిగిలెను. తవిటయ్య వలసమాట ఎత్తలేదు. నాటినుండి ఆ పల్లెలో దారి విడువక ఎవరును ఊడ్వలేదు. ఒక లోభి విడువక ఊడ్చి, మడి నడుమ చూడలేక పంట పోగొట్టుకొని, మరుసటి యేడు అందరికంటె వెడల్పుగ విడిచెను.

ఆ అవ్వ మరల రాలేదు. క్షేత్రలక్ష్మియే అని కొందరును, కుండలమ్ముకొను ముసలిది అని కొందరును చెప్పిరి. దాలమ్మ మాత్రము ఎవరడిగినను తనకు తెలియదనియే చెప్పెడిది.

ఈ కథ విని ఉంఛముని సంతసించెను. ఈ నోమును ఎవరు పట్టవలెననగా, ఒక మడి గలవారు, అందులో సగము గలవారు, కౌలుకు చేయువారు పట్టవలెను. మడి లేక పరుల మడిలో ఊడ్చి కోయువారును పట్టవచ్చును, ముందుగ చూచునది వారే గనుక. మగవారు పట్టరాదని ఎవరును చెప్పలేదు. ఉద్యాపన నాడు కింది మడివారిని పిలిచి, వారి ఎంగిలి ఎండకమునుపే పై మడివారిని కూర్చుండబెట్టి అన్నము పెట్టవలెను. తెగులు రాదని మేఘాతిథి చెప్పలేదు, వాన వేళకు వచ్చునని అసలే చెప్పలేదు. దారి విడిచి, అందులో నడచి, చూచినది చెప్పువారి మడి చేయి దాటదనియు, వారి బిడ్డలు పరాయి ఊరి బట్టీలో నిద్ర లేవరనియు చెప్పెను.

అక్షతలు ఇంకను తలపై వేసికొనకుడు. విన్నవారు తమ మడిలో చూచిన చెడు ఒకటి పైకి చెప్పిన పిమ్మటనే వేసికొనవలెను. మొదట కథ చదివినవారు చెప్పవలెను. నా మడిలో ఈశాన్యపు మూల ఆకులు ఎర్రబడినవి, ఎందుకో నాకు తెలియదు. ఇక మీరు చెప్పుడు.