నోట్లో దాచుకున్నది

దగ్గరికి జరగండి. గడప దగ్గర నిలబడ్డవాళ్ళూ లోపలికి రండి, చాప మీద ఇంకా చోటుంది. ఆ ఫ్యాను కాస్త తగ్గించండి నాయనా, వెనక కూర్చున్న అవ్వకు నా మాట వినపడాలి. ఆఁ, చాలు. చెప్పడానికి కథనిచ్చి, వినడానికి మిమ్మల్నిచ్చిన ఆ పైవాడికి ముందుగా శుక్రియా చెప్పుకుంటాను. ఇక వినండి.

జమ్మలమడుగులో దాదాపీరు అని ఒకతను. కాలిపోయిన మోటార్లకు కొత్తగా రాగితీగ చుట్టడం అతని పని. ఆ ఊరి ఫకీరు మౌలాలి సామికి శిష్యుడు. ఒకరోజు సామి ముందు కూర్చుని తల వంచుకుని ఏడుస్తున్నాడు.

"ఏమైంది నాయనా?" అన్నాడు సామి.

"రెండుసార్లూ మింగేసింది సామీ. కన్నతల్లే పిల్లల్ని మింగేసింది."

నవ్వకండి. అతను చెబుతున్నది చేప సంగతి.

దాదాపీరు ఇంటి వెనక గదిలో గాజుతొట్లు ఉండేవి. వాటిల్లో సిక్లిడ్లనే జాతి చేపలు. వాటి పుట్టిల్లు ఆఫ్రికాలో ఒక మహా సరస్సు. ఎవరో తెచ్చి వదిలిన పెద్ద చేపొకటి ఆ నీళ్ళలో పెరిగి, ఇలాంటి చిన్న జాతుల్ని ఎన్నిటినో తినేసింది. దాదాపీరు దగ్గరున్న రకం ఇప్పుడు ఆ సరస్సులో కనపడదు. ఎక్కడెక్కడో కొందరి ఇళ్ళల్లో, గాజుతొట్లల్లో బతుకుతోంది. బెంగుళూరులో వాటిని పెంచే ఒక పెద్దాయన జబ్బున పడి, పోయేముందు దాదాపీరును పిలిపించి చేపల్ని చేతికిచ్చాడు. "వీటి వంశం నిలబెట్టు" అన్నాడు. అంతే.

ఆ చేపల్లో మగది నీలంగా మెరుస్తుంది, తోక ఎర్రగా ఉంటుంది. ఆడదానిది వట్టి బూడిదరంగు. కానీ దేవుడు ఆ బూడిదరంగు తల్లికి ఒక పని అప్పజెప్పాడు. గుడ్లు పెట్టగానే వాటిని ఏరుకుని నోట్లో పెట్టుకుంటుంది. అవి పిల్లలై ఈదే దాకా నోరు తెరవదు, మేత ముట్టదు. నోరే గర్భం, నోరే ఊయల.

దాదాపీరు దగ్గర ఆడచేపలు ఒక్కొక్కటీ పోయి చివరికి ఒక్కటే మిగిలింది. అది రెండుసార్లు గుడ్లు నోట పట్టి, రెండుసార్లూ మింగేసింది.

"మంచి మేత పెట్టినా. నీళ్ళు మార్చినా. రోజూ దువా చేసినా. నేనే లేకుంటే ఈ జాతి ఉంటాదా సామీ? దీనికి ఆ విశ్వాసమన్నా లేదు" అన్నాడు దాదాపీరు.

"ఓహో" అన్నాడు సామి. "ఇప్పుడెట్లుంది?"

"మళ్ళీ పట్టింది సామీ, మొన్న. ఇదే ఆఖరు. ముసలిదైపోయింది. ఇది కూడా మింగిందంటే ఆ పెద్దాయనకు నేనేం మొహం చూపించాల?"

"జుమ్మా నమాజయ్యాక వస్తాలే. మీ చేపమ్మను చూసి పోతా."

శుక్రవారం సామి వచ్చాడు. దాదాపీరు భార్య హుసేనమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. సామి ఎత్తి పోసుకుని, బుగ్గల నిండా నీళ్ళు పట్టి, చెంబు పక్కన పెట్టి, గాజుతొట్టి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

తొట్టిలో ఒక మూల రాళ్ళ సందున తల్లిచేప. గొంతు కింద సంచిలా ఉబ్బి ఉంది. దాని ఎదుట సామి. ఆయన బుగ్గలూ ఉబ్బే ఉన్నాయి.

"ఇదే సామీ" అన్నాడు దాదాపీరు. "చూసినారా గొంతు?"

సామి తల ఊపాడు.

"ఈసారన్నా నిలబడతాయంటారా?"

సామి చేపను చూస్తున్నాడు.

దాదాపీరు కంగారుగా దగ్గరికి జరిగాడు. సామి ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి. తన ఇంటికొచ్చి మాట్లాడకుండా కూర్చున్నాడు. "నావల్ల ఏమన్నా తప్పు జరిగిందా సామీ? ఆపొద్దు నేనే లేకుంటే అన్నాను, ఆ మాటకా?"

సామి చేప మీంచి చూపు తిప్పలేదు.

అంతలో పక్కింటి ఓబులేసు వచ్చాడు. రోజూ వస్తాడు. చేప నోట్లో గుడ్లు చూపించమని దాదాపీరును అడుగుతాడు, ఎవరో ఒక చుట్టాన్ని కూడా తోడు తెస్తాడు. ఈరోజు ఒక్కడే వచ్చాడు.

"సామి మౌనమేమో అన్నా."

"మౌనమైతే బుగ్గలెందుకు ఉబ్బుతాయి?" అంది హుసేనమ్మ వాకిట్లోంచి.

"అయితే పంటి వాపు. మా మామకూ ఇట్లనే వచ్చె. చూడకుండా వదిలేస్తే చెవి దాకా పాకింది."

దాదాపీరు భయపడిపోయాడు. సామి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జేబులోంచి ఫోను తీసి లైటు వేశాడు. ఓబులేసు కూడా వంగి తల దూర్చాడు.

"ఏదీ సామీ, ఒక్కసారి నోరు విప్పండి. చూస్తా. ఊరికే చూస్తా, అంతే."

సామి మొహం పక్కకు తిప్పుకున్నాడు. లైటు అటే తిరిగింది. ఇటు తిప్పుకున్నాడు. లైటు ఇటొచ్చింది. దాదాపీరు ఆగలేక సామి గడ్డం పట్టుకుని, బొటనవేలితో దవడ కిందికి నొక్కాడు.

గుటుక్కుమంది. సామి మింగేశాడు.

కాస్త పొలమారింది కూడా. దగ్గి, భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"నీళ్ళు నాయనా" అన్నాడు సామి. "దాచుకుందామనే కూర్చున్నా. నువ్వు దాచుకోనియ్యలేదు."

దాదాపీరు చేతిలో లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. దాన్ని చూశాడు. తన బొటనవేలు చూసుకున్నాడు. పోయినసారి తల్లిచేపను వలతో పైకెత్తి, గుడ్లు ఉన్నాయో లేవో చూడాలని ఇదే వేలితో దాని దవడ నొక్కాడు. అంతకుముందుసారి ఇదే లైటు దాని నోటి మీద వేశాడు.

లైటు ఆర్పేశాడు. లోపలికి పోయి హుసేనమ్మ పాత చీరొకటి తెచ్చి, తొట్టి చుట్టూ కప్పాడు.

ఓబులేసు మెల్లగా చెప్పులేసుకున్నాడు. "నేను మళ్ళీ వస్తాలే అన్నా. పిలిచినప్పుడే."

ఆ తర్వాత దాదాపీరు పడిన అవస్థ చెప్పలేను. గదిలోకి పోతే తొట్టి నీళ్ళలోకి గాలి పంపే మోటారు నడుస్తోందా లేదా చూసుకుని, తొట్టికి వీపు పెట్టి కూర్చునేవాడు. చీర అంచు ఎత్తబోయి చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. ఒకనాడు ఉండబట్టలేక సామి దగ్గరికి పరిగెత్తాడు.

"ఉన్నాయో లేవో తెలీక చస్తాన్నా సామీ."

"ఉన్నాయనుకుని శుక్రియా చెప్పుకో."

"లేకుంటే?"

"చెప్పిన శుక్రియా యాడికి పోతాది?" అన్నాడు సామి.

దాదాపీరు ఇంటికొచ్చి, గోడ వైపు తిరిగి కూర్చుని, ఆ పూట నుంచి శుక్రియా చెప్పుకోవడం మొదలుపెట్టాడు. మొదట్లో నోటితో చెప్పాడు. కొన్నాళ్ళకు దేనికి చెబుతున్నానన్న లెక్క పోయింది. బెంగుళూరు పెద్దాయనకు చెప్పాడు. నీళ్ళకు చెప్పాడు. చివరికి, విశ్వాసం లేదని తిట్టిన ఆ చేపకే చెప్పాడు.

ఒక ఉదయం గాలి మోటారు సరిచేద్దామని చీర కొంచెం పక్కకు జరిపాడు. తల్లి చుట్టూ నీళ్ళలో ఏవో నల్లచుక్కలు కదులుతున్నాయి. కళ్ళు. పిల్లలంతా కళ్ళే. అతని నీడ పడగానే తల్లి తనంతట తానే నోరు తెరిచింది. పిల్లలన్నీ బిలబిలా లోపలికి దూరిపోయాయి.

దాదాపీరు కింద కూలబడి, నేలకు నుదురు ఆనించి, చాలాసేపు లేవలేదు.

ఇంకేముంది, వీధి వీధంతా వచ్చింది. ఈసారి పిలిచింది దాదాపీరే. ఎవరూ గాజు ముట్టుకోకుండా, లైటు వెయ్యకుండా గీత గీసి దూరంగా నిలబెట్టాడు. ఓబులేసు చుట్టాలందరినీ తెచ్చాడు. హుసేనమ్మ పొద్దుట్నుంచీ టీ కాస్తూనే ఉంది. తల్లి మళ్ళీ వదిలిన పిల్లలు తొట్టి నిండా తిరుగుతుంటే, "అదిగో ఆ బుడ్డది చూడు", "వాళ్ళ నాయన పోలికే" అని ఒకటే సందడి. వంశం నిలిచింది.

సామి కూడా వచ్చాడు. జనం దారిచ్చారు. ఆయన తొట్టి ముందు వంగి, పిల్లల మధ్యలోంచి అవతలికి చూశాడు.

"తల్లేదీ?"

రాళ్ళ సందున ఉంది. కడుపు లోపలికి అంటుకుపోయి, తలకాయ ఒక్కటే పెద్దగా, ఎండిన ఆకులా నీళ్ళకు ఊగుతోంది.

"తిన్నదా?" అన్నాడు సామి.

పొద్దుట్నుంచీ అంతమంది చూశారు, దాన్ని చూసినవాళ్ళు లేరు.

దాదాపీరు మేత డబ్బా తీశాడు. గుళికలు వేళ్ళతో మెత్తగా నలిపి, తల్లి ముందు మెల్లగా వదిలాడు. అది చాలాసేపు కదల్లేదు. తర్వాత ఒక నలుసు అందుకుంది. ఇంకొకటి. గదిలో అందరూ ఒక చేప అన్నం తినడం చూశారు.

అది తినడం అయ్యాక దాదాపీరు డబ్బా మూత పెట్టి, వంటింటి వైపు నడిచాడు. పొయ్యి దగ్గర హుసేనమ్మ గ్లాసులు కడుగుతోంది.

"నువ్వు తిన్నావా?" అన్నాడు.

ఆమె తల తిప్పి చూసింది. "ఏం, ఒంట్లో బాగలేదా నీకు?"

"తిన్నావా అని అడుగుతాన్నా."

"యాడ తింటి. టీలకే సరిపోయె." గ్లాసు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. ఇంకేదో ఎకసెక్కం ఆడబోయి, ఆడలేక, మొహం పొయ్యి వైపు తిప్పుకుంది.

అతను పళ్ళెం కడిగి, తనే అన్నం పెట్టి, ఆమె ముందుంచాడు.

కథ ఇంతే అమ్మా. చేపల పేరు మర్చిపోయినా పరవాలేదు, ఊరి పేరు మర్చిపోయినా పరవాలేదు. ఆ పళ్ళెం ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు లేచి ఇళ్ళకు పోతారు కదా, పొద్దుట్నుంచీ మీ కోసం పాటుపడి ఎవరి కంటా పడనివాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. వాళ్ళ దగ్గరికి పోయి, తిన్నావా అని అడగండి. తినలేదంటే, మీ చేత్తో పెట్టండి.