గుడ్డ కట్టిన వంకాయ

చిదంబరయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందు అడిగినవాళ్ళ చేతుల వంక చూసేవారు. చేతులు ఖాళీగా ఉంటే ఏదో ఒక పని అప్పజెప్పేవారు. పని ముగిశాక ప్రశ్న ఇంకా మిగిలి ఉంటే అప్పుడు చూద్దామనేవారు. చాలామంది ప్రశ్నలు పని మధ్యలోనే ఎటో పోయేవి. కొందరు మనుషులు కూడా అలాగే పోయేవారు. ఏటి ఒడ్డున ఉన్న ఆ నాలుగు గదుల ఆశ్రమంలో ఐదారుగురికి మించి శిష్యులు నిలవకపోవడానికి కారణం ఇదేనని ఊళ్ళో చెప్పుకునేవారు.

కోదండం మాత్రం నాలుగేళ్ళుగా నిలిచాడు. ముప్పై అయిదేళ్ళవాడు, చదువుకున్నవాడు, చురుకైనవాడు, లేనిదల్లా కుదురు. జపానికి కూర్చుంటే మోకాలు ఆడుతూ ఉండేది. నడిస్తే ముందువాళ్ళ మడమలు తొక్కేవాడు. ఆ ఏడు భాద్రపదంలో, వానలు వెనకబట్టిన ఒక ఉదయం, అతను గురువుగారి ముందు నిలబడి, పాతవన్నీ మనసులోంచి వేళ్ళతో సహా పెరికేసే మార్గం చెప్పమని అడిగాడు. దసరా నాటికి తనకు ఉపదేశం కావాలన్నాడు. ఈ బరువుతో ఇంకో ఏడాది గడపడం తన వల్ల కాదని కూడా అన్నాడు.

ఆ బరువేమిటో చిదంబరయ్యగారికి తెలుసు. తండ్రి పోయినప్పుడు కోదండం ఎక్కడో దూరాన ఉద్యోగంలో ఉన్నాడు. కబురంది, రైలు పట్టుకుని, ఊరు చేరేసరికి దహనం అయిపోయింది. పన్నెండో రోజు భోజనాల్లో, బంధువులంతా వరసగా కూర్చుని ఉండగా, అన్న పేరయ్య అందరూ వినేటట్టు ఒక మాట అన్నాడు: "చితి దగ్గరికి రాలేకపోయావు గానీ, విస్తరి దగ్గరికి వేళకే వచ్చావురా." కోదండం కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలి లేచిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆశ్రమంలో చేరిన మొదటి రోజునే, ఇంటినుంచి ఎవరొచ్చినా తను లేడని చెప్పమని అందరికీ చెప్పి ఉంచాడు. మనుషులనైతే అలా గుమ్మంలో ఆపగలిగాడు గానీ, ఆ మాట రోజుకొక్కసారైనా అతని చెవిలో పలుకుతూనే ఉంది.

చిదంబరయ్యగారు అలవాటు ప్రకారం అతని చేతులు చూశారు. వచ్చేది చలికాలం కనక పెరడు దున్నినట్టు తవ్వి, మడులు కట్టి, వంగ నారు పొయ్యడానికి నారుమడి సిద్ధం చెయ్యమన్నారు. అది అయ్యాక అతని సంగతి చూద్దామన్నారు.

పెరడు వానాకాలం గడిచిన పెరళ్ళన్నిటిలాగే ఉంది. బీరపాదు పందిరి మీదే ఎండిపోయింది. బెండ మొక్కలు నార తేలి నిలబడ్డాయి. వేసవి చివర పెట్టిన వంగ మొక్కల ఆకులు పురుగు తినేసింది. మడుల నిండా తుంగ. అది పది రోజుల పని. కోదండం మూడు రోజుల్లో ముగించాలని పంతం పట్టాడు. గునపంతో పొడిచి, వేరు చివర దొరికిందాకా తవ్వి, మట్టిని గుప్పిట్లో పిసికి చూసి మరీ ఏరాడు. ఒక్కో మొక్క లాగినప్పుడల్లా అన్నగారి ముఖం కనిపించేదని, అందుకే చేతులకు అంత బలం వచ్చిందని, తర్వాత తనే ఒప్పుకున్నాడు.

మూలనున్న వంగ మొక్కకు పసుపెక్కిన ముదురు కాయ ఒకటి వేలాడుతోంది. దాని తొడిమకు ఎర్ర గుడ్డ పేలిక కట్టి ఉంది. వంటచేసే మంగతాయమ్మ దిష్టి తగలకుండా కట్టి ఉంటుందనుకున్నాడు కోదండం. సాక్షాత్తు గురువుగారి పెరట్లో ఈ దిష్టి గుడ్డలేమిటని చిరాకుపడ్డాడు. జ్ఞానం కోసం ఇల్లు విడిచినవాళ్ళకు అలాంటి చిరాకు కాస్త తొందరగానే వస్తుంది. మొక్కను మొదలంటా లాగి, గుడ్డ ఊడదీసి, కాయను గేదె ముందు కుడితి తొట్టిలో పడేశాడు. గేదె దాన్ని రెండుసార్లు నమిలి మింగేసింది.

మూడో రోజు మధ్యాహ్నం గురువుగారిని పిలిచి పెరడు చూపించాడు. నేల దువ్వినట్టుంది. ఒక్క పాత వేరు కూడా మిగల్చలేదని గర్వంగా చెప్పాడు. చిదంబరయ్యగారు మడుల మధ్యగా నడిచి, మూల దగ్గర ఆగి, గుడ్డ కట్టిన కాయ ఏదని అడిగారు.

కోదండం చెప్పాడు. ఆ మాట వంటింటి గుమ్మంలో నిలబడ్డ మంగతాయమ్మ చెవిన పడింది. ఆవిడ అరవై దాటిన మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు. ఆ రోజు మాత్రం మొహం ఎర్రబడింది. అది దిష్టికి కట్టిన గుడ్డ కాదని, విత్తనానికి వదిలిన కాయ అని, పొరపాటున ఎవరూ కూరకు కొయ్యకుండా గుర్తు కట్టానని చెప్పింది. దాచిన పాత గింజలు వానలకు చెమ్మగిల్లి పాడయ్యాయి. చెట్టున మిగిలింది ఆ ఒక్క కాయే.

"మడి బాగా చేశావు నాయనా," అంది. "ఇప్పుడందులో ఏం పోస్తావు?"

పట్నంలో దుకాణానికి వెళ్ళి మంచి వంగ విత్తనాలు తెస్తానన్నాడు కోదండం. వంగ దొరుకుతుంది గానీ ఈ వంగ దొరకదంది ఆవిడ. ఆ తర్వాత ఇంకేదో చెప్పబోయి, ఆగి, గురువుగారి వైపు చూసింది. ఆయన తల ఊపారు. అప్పుడు నాలుగేళ్ళుగా దాచిన సంగతి బయటపెట్టింది.

కోదండం ఆశ్రమానికి వచ్చిన రెండు నెలలకు ఒకావిడ అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. అతను చెప్పమన్నట్టే, లేడని చెప్పారు. ఆవిడ వాదించలేదు. పెరటివైపు ఒకసారి చూసి, కొంగుముడి విప్పి, బూడిద కలిపిన గింజల పొట్లం మంగతాయమ్మ చేతిలో పెట్టింది. "మా మరిదికి ఈ ముళ్ళ వంకాయ తప్ప ఇంకోటి సయించదమ్మా, మా మామగారికీ అంతే. నారు పోసి పెట్టండి. నేనొచ్చినట్టు చెప్పకండి," అని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

కోదండానికి ఆ మొదటి ఏడు గుర్తొచ్చింది. వంకాయ కూర నోట్లో పెట్టుకోగానే అతని చెయ్యి ఆగింది. అచ్చం మా ఇంట్లో కూరలా ఉందంటూ మారు వడ్డించుకున్నాడు. ఆ మాట తనే అని, తనే మర్చిపోయాడు. గడప తొక్కనని పంతం పట్టి కూర్చున్నన్నాళ్ళూ, ఆ ఇంటి కూరే తిన్నాడన్నమాట. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

చిదంబరయ్యగారు కోప్పడలేదు. ఎక్కడినుంచి వచ్చిందో అక్కడ ఉంటుందని, నారు పొయ్యడానికి ఇంకా పది రోజులు అదునుందని మాత్రం అన్నారు.

ఆ తర్వాత మూడు రోజులు కోదండం ఒకచోట నిలవలేదు. తవ్విన మడినే మళ్ళీ తవ్వాడు. పట్నం వెళ్ళి దుకాణం విత్తనాలు కొని తెచ్చాడు, పొట్లం విప్పకుండా జేబులోనే తిప్పాడు. అన్నకు ఒక కార్డు రాసి చించేశాడు. తన ఊరివైపు వెళ్ళేవాళ్ళెవరైనా ఉన్నారా, వాళ్ళచేత గింజలు తెప్పించవచ్చునా అని అడిగాడు. గురువుగారు అతని చేతుల వంక చూశారు. చేతులు వణుకుతున్నాయి. నాలుగో రోజు తెల్లవారుతూనే అతను బస్సెక్కాడు.

ఊళ్ళో దిగి వీధి గుమ్మానికి వెళ్ళే ధైర్యం లేక, వెనక సందులోంచి పెరటి దడి దగ్గరికి వెళ్ళాడు. పేరయ్య అక్కడే ఉన్నాడు, గొంతుక్కూర్చుని నారుమడిలో మట్టి పెడ్డలు నలుపుతూ. జుట్టంతా నెరిసింది. దారిపొడుగునా కోదండం కూడగట్టుకున్న మాటలన్నీ ఆ జుట్టు చూడగానే ఎటో పోయాయి. అలికిడికి పేరయ్య తలెత్తాడు.

"విత్తనానికొచ్చాను అన్నయ్యా," అన్నాడు కోదండం. "అక్కడున్నదంతా నేనే పెరికేశాను."

పేరయ్య లేచాడు. దడి తడిక తీసి పక్కకు నిలబడ్డాడు. వదిన చిట్టెమ్మ లోపలినుంచి వచ్చి, మరిదిని చూసి, కళ్ళు తుడుచుకుని, అటక మీది విత్తనాల మూట దించడానికి మళ్ళీ లోపలికే వెళ్ళింది. అన్నదమ్ములిద్దరూ పెరట్లో మట్టి చేతులతో మిగిలారు. పొద్దెక్కింది, భోజనాల వేళ. పేరయ్య రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. తిని వెళ్ళమని అనడానికి అతనికి భయంగా ఉందని కోదండానికి అప్పుడర్థమైంది. ఆ ఇంట్లో తమ్ముణ్ణి విస్తరి దగ్గరికి పిలిచే హక్కు ఆనాడే పోగొట్టుకున్నానని అతను అనుకుంటున్నాడు.

కోదండం నీళ్ళ తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుని, ఎవరూ పిలవకుండానే వెళ్ళి పీట మీద కూర్చున్నాడు. చిట్టెమ్మ ఇద్దరికీ వడ్డించింది. పేరయ్య తమ్ముడి పక్కన కూర్చున్నాడు గానీ, తమ్ముడు మొదటి ముద్ద మింగేదాకా కంచంలో చెయ్యి పెట్టలేదు.

"ఆ మాట నన్నూ వదల్లేదురా," అన్నాడు తలెత్తకుండా. "రోజూ కంచం ముందు కూచోగానే వస్తుంది."

కళ్ళనీళ్ళు కంచంలో పడుతుంటే కోదండం అలాగే తిన్నాడు, ఆఖరి మెతుకు దాకా తిన్నాడు. చాలనకుండా మారు వడ్డించుకున్నాడు కూడా.

రెండు రోజుల తర్వాత ఆశ్రమానికి తిరిగొచ్చి, మంగతాయమ్మ చూస్తుండగా నారు పోశాడు. దుకాణం విత్తనాలు కూడా పారెయ్యకుండా పక్క మడిలో చల్లాడు. పూటపూటా నీళ్ళు చిలకరించాడు. దసరా నాటికి మడి మీద పచ్చగా ఈనెలంత మొలకలు తేలాయి. ఆ రోజు అతనే వచ్చి అడుగుతాడని చిదంబరయ్యగారు చూశారు. అతను రాకపోయేసరికి తనే మడి దగ్గరికి వెళ్ళి, నీ ప్రశ్న ఏమైందని అడిగారు.

ఆ మాట ఇంకా వినిపిస్తూనే ఉందన్నాడు కోదండం. వినిపించినప్పుడల్లా ఇప్పుడు అన్నయ్య తల దించుకుని కూర్చోవడం కూడా కనిపిస్తోందని, అందుకని దాన్ని ఏం చెయ్యాలో తెలియడం లేదని అన్నాడు. నీళ్ళ చెంబు పట్టుకున్న అతని చెయ్యి మాత్రం కదలకుండా ఉంది.

చిదంబరయ్యగారు ఆ చేతి వంక చూసి, తన పాత పైపంచె అంచునుంచి ఒక పేలిక చింపి అతని చేతిలో పెట్టారు.

"దాచుకో," అన్నారు. "కాపు వచ్చాక ఏ కాయకు కట్టాలో, ఈసారి నువ్వే చూడు."