పదును

కొండకింద గంగయ్య సామి మఠంలో ఉన్నది ఒకటే మంగలికత్తి. పున్నమికి పున్నమికి అక్కడున్నవాళ్ల తలలన్నీ దానితోనే గొరగాలి. ఆ పని ఓబుళరెడ్డిది. మూడో తల దగ్గరికి వచ్చేసరికి కత్తి మొండికేసేది. వెంట్రుకను కోయకుండా పట్టి లాగేది. కూర్చున్నవాడు పళ్లు బిగించేవాడు, గొరిగేవాడికి చెమటలు పట్టేవి.

ఓబుళరెడ్డిది సేద్యం చేసే ఇల్లు. ముప్పై ఏళ్లు నల్లరేగడిలో మడక దున్ని, పొలం తమ్ముడికి వదిలేసి మఠానికి వచ్చాడు. వచ్చిన కొత్తలోనే సామి అతని చేతిలో కత్తి పెట్టి, "ఇది నువ్వు చూసుకో నాయనా" అన్నాడు. రెడ్ల చేతికి మంగలికత్తా అని ఊళ్లో అయితే నవ్వేవాళ్లు. ఓబుళరెడ్డి మారుమాట్లాడకుండా కళ్లకద్దుకుని తీసుకున్నాడు. తనకు కులాభిమానం పోయిందనుకున్నాడు. పోయిన సంగతి నలుగురికీ తెలిస్తే బాగుండునని కూడా అనుకున్నాడు, అది వేరే విషయం.

కత్తిని మాత్రం కంటికి రెప్పలా చూసుకున్నాడు. సానరాయి కొనే స్తోమత మఠానికి లేదు. అందుకని పగిలిపోయిన బడిపలక ముక్క ఒకటి తెచ్చుకుని, చుక్క నూనె వేసి దానిమీద నూరేవాడు. పాత ఇటుకను మెత్తగా దంచి, పలుచని గుడ్డలో జల్లించి, ఆ పొడిని తోలుపట్టీకి రాసేవాడు. దానిమీద కత్తిని వెన్ను ముందుకు, అంచు వెనక్కి ఉండేలా అటూ ఇటూ తీసేవాడు. పని కాగానే కడిగి, తడి లేకుండా తుడిచి, ఆముదం పూసి గుడ్డలో చుట్టేవాడు. పైసా ఖర్చు లేదు. ముంజేతి మీద పెట్టి చూస్తే వెంట్రుకలు ఇట్టే రాలిపోయేవి. తలల దగ్గరికి వెళ్తే మళ్లీ అదే కథ.

ఆ తోలుపట్టీ ఇచ్చింది పెంచలయ్య. ఒకప్పుడు చెప్పులు కుట్టి బతికినవాడు, చూపు మందగించాక మఠం చేరాడు. పట్టీ తెచ్చి ఇవ్వబోతే ఓబుళరెడ్డి చెయ్యి చాపలేదు. "అరుగుమీద పెట్టి పో" అన్నాడు. ఆయన వెళ్లాక దాన్ని పసుపునీళ్లతో కడిగి, ఎండబెట్టి, చెక్కకు బిగించాడు. తోలుకు పసుపు ఎందుకని ఎవరూ అడగలేదు.

గొరిగించుకునే వరసలో పెంచలయ్య ఎప్పుడూ చివరివాడే. అలాగని ఎవరూ చెప్పలేదు, అలా జరిగిపోయేది. కత్తి పూర్తిగా మొద్దుబారాక ఆయన వంతు వచ్చేది. పైగా ముసలి చర్మం, ఉల్లిపొరలా ఉండేది. గాటు పడని పున్నమి లేదు. "ఏం కాలేదులే సామీ" అని పైగుడ్డతో నెత్తురు అద్దుకుని లేచిపోయేవాడు. కిందటి పున్నమికి పడిన గాటు మాత్రం చీము పట్టింది. జ్వరంతో పెంచలయ్య చాలా రోజులు మంచం దిగలేదు.

ఈ పున్నమికి మిగతా అందరికీ అయ్యాక ఓబుళరెడ్డి పిలిస్తే ఆయన రాలేదు. గోడకు ఆనుకుని కూర్చుని రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు.

"నాకొద్దు సామీ. ఈ వెంట్రుకలు నాతోనే పోనీ" అన్నాడు.

ఓబుళరెడ్డి కత్తి తుడుచుకుని లేచాడు. ఇంత సేవ చేసి, చివరికి ఒక ముసలాయన తనను చూసి భయపడేలా చేసుకున్నాడు. ఆ బాధతోనే తిన్నగా సామి దగ్గరికి వెళ్లాడు.

గంగయ్య సామి వంటింటి గడప దగ్గర కూర్చుని చాటలో కొర్రలు ఏరుతున్నాడు. వానలు సరిగా లేని ఏడు. మఠంలో పూటకింత గంజి కుదరడమే గొప్పగా ఉంది.

"సామీ, నాకొక మంచి రాయి కావాల."

సామి చాటలోంచి చిన్న రాయి ఒకటి తీసి చూపించాడు. "రాళ్లకేమి కరువు నాయనా. ఎన్ని కావాలో ఏరుకో."

"ఎగతాళి కాదు సామీ. సానరాయి. ప్రొద్దుటూరులో దొరుకుతాదంట. నాకు తెలిసిందంతా చేసినా. కత్తికి పదును నిలబడలేదు. నా చేత్తో ఇంకొకసారి పెంచలయ్యకు నెత్తురొస్తే నేను తట్టుకోలేను. రాయన్నా తెప్పించండి, లేకుంటే ఈ పని ఇంకొకరికన్నా ఇయ్యండి."

సామి కత్తి అడిగి తీసుకున్నాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. నూరీ నూరీ అది సగానికి సగం అరిగిపోయి ఉంది.

"ఇంకో రెండేండ్లు ఇట్లే నూరు. కత్తి అయిపోతాది, తలకాయలు మిగిలిపోతాయి" అని నవ్వి లేచాడు. "పోయి నీళ్లు కాచుకుని రా. పలక వద్దు, పట్టీ వద్దు."

ఓబుళరెడ్డి నీళ్లు తెచ్చేసరికి సామి వెళ్లి పెంచలయ్య పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. "నేను గీస్తాలే పెంచలయ్యా. నెత్తురొస్తే నా గడ్డం పీకు" అంటున్నాడు. పెంచలయ్య బోసినోటితో నవ్వి చేతులు దించాడు.

సామి గోరువెచ్చని నీళ్లు దోసిట్లోకి తీసుకుని ఆ తలమీద పోశాడు. అరచేత్తో రుద్దాడు. మళ్లీ పోశాడు, మళ్లీ రుద్దాడు. మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయని అడిగాడు. మానిన గాటు చుట్టూ బొటనవేలితో మెల్లగా నిమిరాడు. ఓబుళరెడ్డి కత్తి పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఇంకా ఎంతసేపని లోపల్లోపల విసుక్కున్నాడు కూడా. చివరికి సామి చెయ్యి చాపాడు. అందరి తలలూ గొరిగి మొద్దుబారిన ఆ కత్తినే తీసుకుని, అరచేతిమీద అటొకసారి ఇటొకసారి రాసి, పెంచలయ్య తలకు ఆనించాడు.

కత్తి చప్పుడు చెయ్యకుండా కిందికి దిగింది. తడిసిన వెంట్రుకలు పాయలుగా జారాయి. పెంచలయ్య తన మోకాళ్ల సంగతి చెబుతూనే ఉన్నాడు, మధ్యలో ఆగనే లేదు.

సగం తల అయ్యాక సామి కత్తి పక్కన పెట్టేశాడు. "మిగిలింది నీది" అన్నాడు.

ఓబుళరెడ్డి కూర్చున్నాడు. అలవాటు ప్రకారం చెంబు ఎత్తి, పైనుంచి రెండు చుక్కలు ఒంపి, చెంబు దించి, కత్తి అందుకోబోయాడు.

"పదునైందా?" అన్నాడు సామి.

ఓబుళరెడ్డి కత్తి అంచు వైపు చూశాడు. "ఎట్లవుతాది సామీ? మీరు నూరొద్దంటిరి కదా."

"నేను కత్తి సంగతి అడగలేదు నాయనా. ముప్పై ఏండ్లు సేద్యం చేసినావు. వాన పడినంక నేల నాని దున్నేదానికి పదునైందో లేదో ఎట్లా చూసేవాడివి?"

"ఎట్లా ఏముంది సామీ. ఇంత మన్ను పిడికిట్లోకి తీసుకుని..."

అక్కడే ఆగిపోయాడు.

సామి లేచి, కొర్రల చాట దగ్గరికి వెళ్లిపోయాడు.

ఓబుళరెడ్డి తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. ఇన్ని పున్నములుగా ఆ చెయ్యి చెంబు పట్టింది, కత్తి పట్టింది. ఒక్క తలను ముట్టలేదు. తల కదలకుండా పట్టుకోవాలన్నా మధ్యలో తుండుగుడ్డ వేసుకునేవాడు. ఆ సంగతి ఇన్నాళ్లూ తనకే తెలియదు. సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

చెంబు పక్కకు జరిపి, భుజమ్మీది తుండుగుడ్డ తీసేశాడు. దోసిట్లో నీళ్లు తీసుకుని పెంచలయ్య తలమీద పోసి, అరచెయ్యి ఆనించాడు.

పెంచలయ్య ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కున్నాడు. "మీరు ముట్టుకోవద్దు సామీ. చెంబుతో పోయండి, చాలు."

ఓబుళరెడ్డి చెయ్యి తియ్యలేదు. ఆ తల వెచ్చగా ఉంది. వేళ్లకింద పాత గాట్ల మచ్చలు తగులుతున్నాయి. అన్నీ తను పెట్టినవే. మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు. నీళ్లు పోసి రుద్దాడు, మళ్లీ పోసి మళ్లీ రుద్దాడు. కళ్లు మసకబారితే మోచేత్తో తుడుచుకున్నాడు. కాసేపటికి పెంచలయ్య బిగబట్టుకున్న మెడ సడలింది. తల బరువంతా వచ్చి అతని అరచేతిలో వాలింది.

"పదునైందా, పెదనాయనా?" అని అడిగాడు ఓబుళరెడ్డి.

పెంచలయ్య కళ్లు మూసుకునే ఉన్నాడు.

"ఇంకొంచెం నాననీ నాయనా" అన్నాడు.