పల్లకిలో నీళ్ల బిందె

ఒకానొక సంస్థానంలో సేనాధిపతి అయిన దళవాయి పల్లకి మోసే నలుగురు బోయీలలో ఓబన్న, గుర్రప్ప ప్రాణస్నేహితులు. దళవాయికి మహా డాబు. వీధిలో ఎవరు దండం పెట్టినా పల్లకిలోంచి అటూ ఇటూ వంగి అందుకునేవాడు.

ఒకరోజు సంత వీధిలో పల్లకి ఊగిపోయి, ఆయన తలపాగా బురదలో పడింది. కిందికి దిగేసరికి గుర్రప్ప దగ్గర సారా వాసన గుప్పుమంది.

"పనిలోకి తాగొస్తావురా? వీణ్ణి కొలువులోంచి తీసెయ్యండి!" అని దళవాయి అరిచాడు.

గుర్రప్ప తల వంచుకున్నాడు. ఓబన్న ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"దొరా, తాగినోడు మోస్తే ఒలకాల్సిందే గదా. పల్లకిలో నిండు బిందె పెట్టించండి. చుక్క ఒలికినా మా నలుగుర్నీ తీసెయ్యండి."

జనం మూగారు. బోయీలు బిందెను వీధి చివరిదాకా మోసి తెచ్చారు. చుక్క ఒలకలేదు.

"మరి ఇందాక ఎందుకు ఊగింది?" అన్నాడు దళవాయి.

"బిందె ఎవరి దండాలూ అందుకోదు దొరా," అన్నాడు ఓబన్న వినయంగా.

జనం గొల్లుమన్నారు. దళవాయి గుర్రప్పను తీసెయ్యమన్న మాట మళ్లీ ఎత్తలేదు; ఇక పల్లకి ఎక్కకుండా నడిచే ఇంటికి పోయాడు.

సాయంత్రం గుర్రప్ప కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "అన్నా, నేను నిజంగానే తాగాను. భుజం వాచిపోయింది, నొప్పి ఓర్చుకోలేకపోయాను."

"తెలుసురా. అందుకే దొరకన్నా తేలికని బిందె అడిగాను. మళ్లీ దొరనే మోయమంటే కూలబడేవాడివి," అంటూ ఓబన్న ఆ భుజానికి వేడి ఆముదం రాశాడు. "ఇంకోసారి తాగొచ్చావో, నిన్నే పల్లకిలో పడుకోబెట్టి దొర ముందు దింపుతా!"