వేపమ్మ తీపి ఎవరికిచ్చింది

ఒకప్పుడు వేపచెట్టు తియ్యగా ఉండేది. నిజమే చెబుతున్నాను, మొహాలు అలా పెట్టకండి. ఆకు తీపి, పుల్ల తీపి, బెరడు గీకి నాకినా తీపే. దాన్ని చూసి చెరుకు కుళ్లుకునేది.

కొండకింద అడవిలో ఉండే ఆ చెట్టుని అందరూ వేపమ్మ అనేవాళ్లు. పొద్దుగూకగానే జంతువులన్నీ తిండి ముగించుకుని దాని కిందికి చేరేవి. తలా ఓ పుల్ల విరుచుకుని నములుతూ, అడవి కబుర్లన్నీ చెప్పుకునేవి. నిద్రొస్తే ఆ పుల్ల బుగ్గన పెట్టుకునే పడుకునేవి. పుక్కిలించడం అనేది ఒకటుందని ఆ అడవిలో ఎవరికీ తెలీదు.

వేపమ్మకి ఆ సందడంటే ప్రాణం. ఒక్కరు రాకపోయినా కొమ్మలు వంచి దారి చూసేది.

ఒక సాయంత్రం ఎలుగుబంటి రాలేదు. మర్నాడు వచ్చింది గానీ, బుగ్గ బూరెలా పొంగి ఉంది.

"ఏంటి వదినా, అలా ఉన్నావు?" అంది వేపమ్మ.

"పన్ను వదినా. లోపల ఎవరో కూర్చుని పొడుస్తున్నట్టుంది. ముద్ద మింగలేను, నీళ్లు తగిలినా ప్రాణం పోతోంది. నేను తినకపోతే పాలెక్కడివి? పిల్లాడు ఆకలికి ఒకటే ఏడుపు."

వేపమ్మ మనసు కరిగిపోయింది. చిటారుకొమ్మన ఉన్న లేత పుల్ల, అన్నిటికంటే తియ్యటిది, ఏరి ఇచ్చింది. "ఇది బుగ్గన పెట్టుకుని పడుకో. తెల్లారేసరికి తగ్గిపోతుంది" అంది.

తెల్లారేసరికి బుగ్గ రెండింతలైంది. వేపమ్మ కంగారుపడి ఇంకా తియ్యటిది ఇచ్చింది. ఎలుగు ఇంకా గట్టిగా ఏడ్చింది. మంచి మనసు ఉంది పాపం, సంగతే తెలీదు.

చివరికి వడ్రంగిపిట్టని పిలిచారు. అందరూ అతన్ని వడ్రంగన్న అంటారు. ముక్కుతో తట్టి ఏ చెట్టులో తొర్ర ఉందో చెప్పేవాడికి పంటిలో తొర్ర ఒక లెక్కా?

"నోరు బాగా తెరువమ్మా. మధ్యలో మూశావంటే నేనుండను" అని ముందే చెప్పి, వడ్రంగన్న తల లోపలికి దూర్చాడు. టక్ టక్ మని ఒక్కో పన్నూ తట్టుకుంటూ పోయాడు. ఒక దవడపన్ను దగ్గర ఆగి, చెవి ఆనించి విన్నాడు.

"ఎవర్రా లోపల?" అని గద్దించాడు.

"మేమేనండీ, క్రిములం" అని సన్నటి గొంతులు వినిపించాయి. కంటికి ఆననంత చిన్నవి అవి. "మా తప్పేం లేదండీ. వేపమ్మ రోజూ రాత్రి తీపి పంపిస్తుంది, తింటాం. తిన్నాక మా ఒంట్లోంచి పులుపు వస్తుంది. ఆ పులుపుకి పన్ను కరుగుతుంది. కరిగినచోట ఇల్లు కట్టుకున్నాం. నిన్నా మొన్నా అయితే మరీ తియ్యటిది పంపింది, చల్లని తల్లి."

జంతువులన్నీ ఎవరి బుగ్గలు వాళ్లు తడుముకున్నాయి.

వడ్రంగన్న పుచ్చంతా గీకి పారేసి, తొర్రలో లక్క నింపి గట్టిగా అదిమాడు. ఎలుగు ఏడుపు ఆగింది. "ఇప్పటికి బాగుచేశాను. మళ్లీ రాత్రిపూట తీపి నోట్లో పెట్టుకుని పడుకుంటే పక్కపన్ను పుచ్చుతుంది. ఇందరి నోళ్లలో రోజూ తల పెట్టడం నా వల్ల కాదు" అని చెప్పేసి, రెక్కలు దులుపుకున్నాడు.

వేపమ్మ నేలతల్లిని పిలిచింది. "అమ్మా, ఆ క్రిములకి నచ్చనిది ఏదైనా ఉందా నీ దగ్గర?"

"చేదు ఉంది, బోలెడు. కాకరపాదు కాస్త పట్టుకెళ్లింది, అంతే. ఇంకెవరూ అడగరు" అంది నేలతల్లి. "కానీ తాగావంటే నీ తీపి నాకిచ్చెయ్యాలి. ఆ తర్వాత నీ దగ్గరికి ఎవరూ రారేమో, ఆలోచించుకో."

ఎవరూ లేని సాయంత్రం తలుచుకుంటేనే వేపమ్మకి ఏడుపొచ్చింది. అయినా ఎలుగు పిల్లాడి ఏడుపు అంతకంటే గట్టిగా గుర్తొచ్చింది. వేళ్లు చాపి, చేదంతా గటగటా తాగేసింది.

మర్నాడు జంతువులు పుల్ల కొరికి థూ థూ అని ఉమ్మేశాయి. నక్క నాలుకని మట్టికేసి రుద్దుకుంది. "వేపమ్మకి ఒంట్లో బాగున్నట్టు లేదు" అంటూ కోతి వెళ్లిపోయింది. దాని వెనకే అందరూ వెళ్లిపోయారు.

ఎలుగు మాత్రం కదల్లేదు. మొహం నానా వంకర్లూ తిప్పుతూ పుల్ల నమిలింది, దాంతో పళ్లన్నీ తోమింది, వాగులో నీళ్లతో పుక్కిలించింది. నోట్లో క్రిములు "మూటలు కట్టండర్రా" అని ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

అలా రోజూ తోముకుంది. దాని పన్ను మళ్లీ నొప్పెట్టలేదు, పిల్లాడు పాలు తాగి బొద్దుగా తయారయ్యాడు. అది చూసి నక్క వచ్చింది, సిగ్గుపడుతూ కోతి వచ్చింది. పొద్దున్నే వేపమ్మ కింద మళ్లీ సందడి. అందరి మొహాలూ వంకరే, అయినా అందరూ వచ్చారు. వేపమ్మకి అంతకంటే ఏం కావాలి?

"నీ తీపి నా దగ్గర ఊరికే పడుంది. ఎవరికైనా ఇస్తావా?" అని ఒకరోజు నేలతల్లి అడిగింది.

వేపమ్మ చుట్టూ చూసింది. ఎవరిని చూసినా నోటినిండా పళ్లే. తలెత్తితే కొమ్మ మీద వడ్రంగన్న కూర్చుని ఉన్నాడు.

"అన్నా, నువ్వోసారి నోరు తెరువు" అంది.

అతను ముక్కు తెరిచాడు. లోపల ఒక్క పన్ను లేదు. వేపమ్మ ఆకులన్నీ ఊగేలా నవ్వింది. నేలతల్లి ఇచ్చిన తీపిని తీసుకెళ్లి తన పండ్లలో దాచింది.

అప్పటినుంచే వేప ఆకు చేదు, పుల్ల చేదు, బెరడు చేదు. పండు ఒక్కటే తియ్యన. వేసవిలో కాకులూ గోరింకలూ వాలి వేపపండ్లు తింటుంటే చూడండి, వాటిలో ఒక్కదానికి కూడా పన్నుండదు.